కొత్త అక్వేరియంలో చేపలు వేసే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో మొదటిసారి మంచినీటి అక్వేరియం పెట్టుకుంటున్నవారి కోసం ఈ సమాధానాలు రాశాము. లెక్కలు చెప్పవలసి వచ్చిన చోటల్లా దుకాణాల్లో మామూలుగా దొరికే రెండడుగుల ట్యాంకునే ఉదాహరణగా తీసుకున్నాము. దాని పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు. అంచుదాకా నింపితే 54 లీటర్లు పడతాయి. అడుగున రాళ్లు పరిచి, పైన కొంత ఖాళీ వదిలితే అందులో నిలిచే నీరు సుమారు 45 లీటర్లు.

ట్యాంకు కొన్న రోజే చేపలు వేయవచ్చా? దుకాణంలో వేయవచ్చనే చెప్పారు.

వేయకూడదు. చేపలు మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను వదులుతూ ఉంటాయి. తినగా మిగిలిన మేత, మలం కుళ్లినా అదే పుడుతుంది. చెరువులో ఎంతో నీరు, మట్టి, మొక్కలు, వాటిని అంటిపెట్టుకున్న బ్యాక్టీరియా ఉంటాయి కాబట్టి అది పేరుకోదు. కొత్త ట్యాంకులో గాజు, రాళ్లు, ఉతికిన స్పాంజి తప్ప మరేమీ ఉండవు. అందుకే మొదటి రెండు మూడు రోజులు హుషారుగా తిరిగిన చేపలు ఆ తరువాత మేత ముట్టకుండా, నీటి పైభాగానికి వచ్చి నోరు తెరుస్తూ, వారం పది రోజుల్లో ఒక్కొక్కటిగా చనిపోతాయి. నీళ్లు చూస్తే అద్దంలా ఉంటాయి కాబట్టి ఇంట్లోవారు జబ్బు చేపలు అంటగట్టారని దుకాణదారును తిట్టుకుంటారు, లేదా దిష్టి తగిలిందనుకుంటారు. చాలా సందర్భాలలో అసలు కారణం అమ్మోనియాయే.

ట్యాంకు ‘సైకిల్’ కావాలంటారు. అంటే ఏమిటి?

అమ్మోనియాను తిని బతికే బ్యాక్టీరియా ఫిల్టరులో తగినంత పెరగడమే సైకిల్ కావడం. ఇది రెండు అంచెలుగా జరుగుతుంది. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, నైట్రోస్పైరా జాతివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపంలోకి మార్చేస్తుంది, రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. నైట్రేట్ హాని వాటితో పోలిస్తే చాలా తక్కువ. వారం వారం కొంత నీరు మారిస్తే, మొక్కలు ఉంటే, అది అదుపులో ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ బ్యాక్టీరియా చాలా మటుకు నీటిలో తేలుతూ ఉండదు. స్పాంజి, రాళ్లు, గాజు వంటి ఉపరితలాలను పట్టుకుని ఉంటుంది. కనుక స్నేహితుని ట్యాంకు నుంచి బిందెడు పాత నీరు తెచ్చి పోసుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. అదే ట్యాంకు ఫిల్టరు నుంచి పిడికెడు మురికి స్పాంజి తెచ్చుకుంటే సగం పని అయినట్టే.

ట్యాంకును ఎక్కడ పెట్టాలి? వాస్తు ప్రకారం ఈశాన్యమే మంచిదా?

నీరు, రాళ్లు, గాజు కలిపి ఈ ట్యాంకు 70 కిలోలు దాటుతుంది. టీవీ కింద పెట్టుకునే పలుచని చెక్క బల్లలు, ప్లాస్టిక్ స్టూళ్లు పనికిరావు. బల్ల మీద స్పిరిట్ లెవెల్ పెట్టి సమంగా ఉందో లేదో చూసి, ట్యాంకు కింద అర అంగుళం థర్మోకోల్ షీటు వేయాలి. ఇసుక రేణువంత ఎత్తుపల్లం కూడా అడుగు గాజు మీద ఒకే చోట బరువు పడేలా చేసి పగుళ్లకు దారి తీయవచ్చు. నేరుగా ఎండ పడే కిటికీ పక్కన పెడితే నాచు పట్టడమే కాక వేసవిలో నీరు విపరీతంగా వేడెక్కుతుంది.

వాస్తు సంగతికి వస్తే, ఈశాన్యంలో పెట్టుకోవాలనుకునేవారికి అభ్యంతరం చెప్పవలసిన పని లేదు. అయితే తూర్పు కిటికీ సాధారణంగా ఆ మూలనే ఉంటుంది గనుక దానికి మందపాటి తెర వేయించండి. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప కలిపి తొమ్మిది ఉండాలన్న ఫెంగ్‌షుయ్ లెక్కను మాత్రం ఈ ట్యాంకులో పాటించవద్దు. తొమ్మిది గోల్డ్‌ఫిష్‌కు ఇది ఏ మాత్రం చాలదు.

విద్యుత్తు తీగలు ప్లగ్గు వద్దకు చేరే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా చూసుకోవాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

కొత్త ట్యాంకును, రాళ్లను ఎలా కడగాలి?

సబ్బు, డిటర్జెంటు, గిన్నెలు తోమే ద్రవం ఏవీ తగలకూడదు. మంచినీరు, కొంచెం కల్లుప్పు, కొత్త గుడ్డ చాలు. తరువాత ట్యాంకును నింపి, కింద పాత వార్తాపత్రిక పరచి ఒకటి రెండు రోజులు వదిలేస్తే కారుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. అంచుల వద్ద ఇంకా వెనిగర్ వాసన వస్తూ ఉంటే సిలికాన్ పూర్తిగా ఆరలేదని అర్థం. అటువంటి ట్యాంకును నింపకుండా మరికొన్ని రోజులు గాలికి ఉంచాలి.

రాళ్లను కడిగిన నీరు తేటగా వచ్చేదాకా బకెట్టులో కడగాలి. ఆరిన రాయి మీద రెండు చుక్కల వెనిగర్ వేసి చూడండి. నురగ వచ్చిందంటే అందులో సున్నం ఉన్నట్టు. పాలరాతి ముక్కలు, గవ్వలు, పగడపు రాళ్లు ఇటువంటివే. ఇవి నీటి కాఠిన్యాన్ని (అంటే కరిగిన ఖనిజాల మోతాదును), నీరు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే పీహెచ్‌ను పెంచుతూ పోతాయి. అసలే ఉప్పు తేలే బోరు నీరు వాడే ఇళ్లలో వీటి అవసరం లేదు.

ఏ నీరు పోయాలి? మా అపార్టుమెంటులో మంజీరా, బోరు, ట్యాంకరు నీళ్లు మూడూ ఒకే సంపులో కలుస్తాయి.

హైదరాబాదులో ఎక్కువ మంది పరిస్థితి ఇదే, అందువల్ల దీనికి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. నగరానికి వచ్చే సరఫరా నీరు మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి వంటి వేర్వేరు వనరుల నుంచి వస్తుంది. వాడుకలో అన్నింటినీ ‘మంజీరా నీళ్లు’ అనేస్తాము. ఇది బోరు నీటికంటే మెత్తన, కానీ ఇందులో క్లోరిన్ ఉంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనకు మేలు చేసే ఆ క్లోరిన్ చేప మొప్పలను కాలుస్తుంది, ఫిల్టరులో పెరుగుతున్న బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. బోరు నీటిలో సాధారణంగా క్లోరిన్ ఉండదు, కాఠిన్యం మాత్రం ఎక్కువ.

సంపు నీటిలోని అసలు చిక్కు ఏమిటంటే అది ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉండదు. వేసవిలో ట్యాంకర్లు ఎక్కువగా తోలితే ఒక రకంగా, వానాకాలంలో మరో రకంగా ఉంటుంది. చేపలు కొంత కఠినమైన నీటికైనా అలవాటు పడతాయి కానీ హఠాత్తుగా వచ్చే మార్పుకు తట్టుకోలేవు. కాబట్టి ఒక 50 లీటర్ల మూత ఉన్న డ్రమ్మును అక్వేరియం కోసమే కేటాయించి, ఒకే కుళాయి నుంచి పట్టి, రెండు రోజులు నిలవ ఉంచి వాడటం మంచి పద్ధతి. నీరు మార్చే ప్రతిసారి మొత్తంలో పావు వంతుకు మించకపోతే సంపు నీటి మార్పులు చేపలను పెద్దగా బాధించవు.

ఆర్‌ఓ నీరు పోస్తే ఈ సమస్యలన్నీ తీరిపోవా?

కొత్తవి వచ్చి పడతాయి. ఆర్‌ఓ యంత్రం ఖనిజాలను దాదాపుగా తీసేస్తుంది. పీహెచ్‌ను నిలకడగా పట్టి ఉంచే బైకార్బొనేట్ కూడా వాటితోపాటే పోతుంది. నైట్రిఫికేషన్, అంటే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే పని, జరిగే కొద్దీ నీరు ఆమ్లంగా మారుతుంది గనుక ఆ ఆసరా లేని నీటిలో పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. మరీ కఠినమైన బోరు నీటిని మెత్తబరచడానికి సగం సగం కలుపుకోవచ్చు. యంత్రం బయటకు వదిలే వ్యర్థపు నీటిని మాత్రం ట్యాంకులో పోయవద్దు. తీసేసిన లవణాలన్నీ అందులోనే చేరి ఉంటాయి.

యాంటీ క్లోరిన్ స్ఫటికాలు ఎంత వేయాలి?

చిన్న పొట్లాల్లో పటికబెల్లం పలుకుల్లా కనిపించేవి సాధారణంగా సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు. 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల స్ఫటికాలు కావాలి. 45 లీటర్ల నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్నదనుకున్నా అర గ్రాము లోపే సరిపోతుంది. ద్రవ రూపంలో కొన్నట్లయితే సీసా మీది మోతాదు పాటించండి. బకెట్టులో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచి, ఎయిర్ పంపు వదిలినా సాధారణ క్లోరిన్ ఎగిరిపోతుంది. విదేశాలలో ఉన్న మనవారు మాత్రం తమ ఊరి నీటి సరఫరా సంస్థ క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడే క్లోరమైన్ వాడుతున్నదేమో కనుక్కోవాలి. అమెరికాలో చాలా నగరాలలో అదే వాడతారు, అది బకెట్టులో నిలవ ఉంచినంత మాత్రాన పోదు. థయోసల్ఫేట్ దాన్ని విడగొట్టినా వెనుక అమ్మోనియా మిగులుతుంది కాబట్టి అక్కడ అమ్మోనియాను కూడా కట్టడి చేసే కండిషనరు అవసరం.

బుడగలు వచ్చే ఎయిర్ పంపు ఉంది. వేరే ఫిల్టరు కూడా కావాలా?

కావాలి, అయితే ఖరీదైనది అక్కరలేదు. ఉన్న ఎయిర్ పంపుకే ఒక స్పాంజి ఫిల్టరు తగిలిస్తే ఈ పరిమాణపు ట్యాంకుకు చాలు. మా అభిప్రాయంలో మొదటి ట్యాంకుకు ఇంతకంటే నమ్మకమైనది లేదు: చిన్న పిల్ల చేపలను లాగేయదు, చెడిపోవడానికి అందులో మోటారు ఉండదు, కరెంటు పోతే బ్యాటరీతో నడిచే పంపుకు మార్చుకోవచ్చు. కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఈ చివరి మాటకు చాలా విలువ ఉంది. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే లోపలి బ్యాక్టీరియా ప్రాణవాయువు అందక చనిపోతుంది, తిరిగి నడవగానే ఆ కుళ్లు నీరు ట్యాంకులోకి వస్తుంది. ఫిల్టరును రాత్రి పూట చప్పుడవుతోందని ఆపకూడదు. స్పాంజిని కుళాయి కింద కాకుండా ట్యాంకు నుంచి తీసిన నీటిలోనే పిండాలి.

చేపలు లేకుండా బ్యాక్టీరియాను ఎలా పెంచాలి?

బ్యాక్టీరియాకు ఆహారం అమ్మోనియా కాబట్టి దాన్ని మనమే వేయాలి. ఇందుకు మూడు దారులు ఉన్నాయి. రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్లనివ్వడం అన్నింటికన్నా సులభం, అన్నింటికన్నా నెమ్మది. ఎంత అమ్మోనియా పుడుతున్నదో మన చేతిలో ఉండదు. పలుచని గుడ్డలో పచ్చి రొయ్య ముక్క కట్టి వేలాడదీయడం రెండోది. పని చేస్తుంది గాని ఆ వాసన హాల్లో భరించడం కష్టం.

మూడోది అమ్మోనియం క్లోరైడ్. కళాయి వేసేవారు వాడే నవాసాగరం ఇదే, కానీ అందులో ఏ మలినాలు ఉంటాయో తెలియదు కనుక ప్రయోగశాలలకు రసాయనాలు అమ్మే చోట శుద్ధమైనది కొనాలి. 45 లీటర్ల నీటిలో అమ్మోనియాను 2 పీపీఎంకు, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములకు తేవడానికి సుమారు 0.3 గ్రాములు చాలు. అంత చిన్న తూకం వంటింటి త్రాసు మీద తేలదు. అందుకని 15 గ్రాములు తూచి అర లీటరు నీటిలో కరిగించి, సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టుకోవాలి. ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు సిరంజితో తీసి పోస్తే 0.3 గ్రాములు పోసినట్టే.

మొదటి రోజు 10 మిల్లీలీటర్లు పోసి, ఫిల్టరు నడుపుతూ, రెండు రోజులకొకసారి పరీక్షించాలి. వారం పది రోజుల దాకా ఏమీ కదలనట్టే ఉంటుంది. తరువాత అమ్మోనియా తగ్గడం, నైట్రైట్ కనిపించడం మొదలవుతాయి. అమ్మోనియా అర పీపీఎం కిందికి దిగినప్పుడల్లా మళ్లీ పోయాలి. నైట్రైట్ పెరిగి పెరిగి, ఒక దశలో ఒకటి రెండు రోజుల్లోనే చప్పున పడిపోతుంది. 2 పీపీఎం అమ్మోనియా పోసిన 24 గంటలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపితే ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పటికి పేరుకున్న నైట్రేట్ పోవడానికి నాలుగింట మూడు వంతుల నీరు మార్చి, ఒకటి రెండు రోజుల్లో చేపలు తెచ్చుకోవాలి. ప్రయాణం వల్లనో మరెందువల్లనో ఆలస్యమైతే బ్యాక్టీరియా ఆకలితో తగ్గిపోకుండా రెండు మూడు రోజులకొకసారి కొద్దిగా అమ్మోనియా పోస్తూ ఉండాలి.

మొత్తం ఎన్నాళ్లు పడుతుంది?

సాధారణంగా 3 నుంచి 6 వారాలు. నీరు 28 నుంచి 30 డిగ్రీలు ఉంటే త్వరగా, చలికాలంలో నెమ్మదిగా జరుగుతుంది. పాత స్పాంజి దొరికితే వారం పది రోజుల్లో కూడా కావచ్చు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు చేయదు. గోదాముల వేడిలో నెలల తరబడి ఉన్న సీసాలో ఎంత ప్రాణం మిగిలిందో పరీక్షలోనే తేలాలి. దాన్ని వాడినా 24 గంటల పరీక్ష తప్పనిసరి.

టెస్ట్ కిట్ లేకుండా కుదరదా?

అమ్మోనియాకు రంగు లేదు, ఈ మోతాదులో వాసన కూడా తెలియదు. కనుక కుదరదు. కాగితపు స్ట్రిప్పులు చౌక, అయితే వాటిలో చాలావాటిలో అమ్మోనియా గడే ఉండదు. చుక్కలు వేసి రంగు పోల్చే ద్రవ కిట్లు కొనండి. నైట్రేట్ సీసాలో రసాయనం అడుగుకు చేరి గట్టిపడుతుంది, దాన్ని బాగా కుదపకపోతే ఉన్నదానికంటే తక్కువ విలువ కనిపిస్తుంది. గాజు గొట్టాన్ని తెల్లకాగితం ముందు పగటి వెలుతురులో చూస్తే రంగు సరిగా పోల్చగలరు. మీరు పోసే కుళాయి నీటిని కూడా ఒకసారి పరీక్షించి పెట్టుకోండి.

పీహెచ్ ఎంతో తెలిస్తేనే అమ్మోనియా విలువకు అర్థం ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే మొత్తం అమ్మోనియాలో చేపకు విషమైన భాగం సుమారు పదింతలవుతుంది. బోరు నీరు వాడేవారు స్వల్ప అమ్మోనియాను కూడా తేలికగా తీసుకోకూడదనేది ఇందుకే.

నెల దాటినా అమ్మోనియా తగ్గడం లేదు. ఏమి చేయాలి?

ముందు పీహెచ్ చూడండి. 6.5 కంటే తగ్గితే ఈ బ్యాక్టీరియా మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు ఆగిపోతుంది. ఆర్‌ఓ నీరు పోసిన ట్యాంకులలో తరచుగా జరిగేది ఇదే. పావు వంతు నీటిని కుళాయి నీటితో మార్చడమో, చేపలు ఇంకా లేవు కాబట్టి అర టీస్పూను వంట సోడా కరిగించి పోయడమో చేస్తే సరిపోతుంది. రెండో కారణం అత్యాశ: త్వరగా అవుతుందని 5 పీపీఎంకు మించి అమ్మోనియా పోస్తే బ్యాక్టీరియాకే అది భారమవుతుంది, సగం నీరు మార్చి మళ్లీ 2 దగ్గర మొదలుపెట్టాలి. క్లోరిన్ తీయని నీరు పోయడం మూడోది.

దుకాణదారు నీలం రంగు మందు కూడా ఇచ్చారు. వేయాలా?

వద్దు. అది సాధారణంగా మెథిలీన్ బ్లూ. శిలీంధ్రపు జబ్బులకు వేరే తొట్టెలో వాడదగిన మందు. సిద్ధమవుతున్న ట్యాంకులో వేస్తే మనం పెంచుతున్న బ్యాక్టీరియాకే దెబ్బ. పైగా సిలికాన్ అంచులు శాశ్వతంగా నీలం పడతాయి.

నీరు పాలలా తెల్లబడింది. మార్చేయాలా?

కొత్త ట్యాంకులో ఇది మామూలే. నీటిలో తేలే వేరే రకపు బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వస్తుంది, కొద్ది రోజుల్లో దానంతట అదే తేటపడుతుంది. గాజు మీద గోధుమ రంగు పొడిలా పట్టేది డయాటమ్ నాచు, కొత్త చెక్క దుంగ మీద తెల్లని జిగురులా వచ్చేది బూజు. రెండూ చేపలకు హాని చేయవు. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలకు మించి వేయకండి.

చెరువులో నాచు తెచ్చి వేయవచ్చా?

వేయవచ్చు. హైడ్రిల్లా, వాలిస్నేరియా మన చెరువుల్లో సహజంగా పెరిగేవే, అమ్మోనియాను కూడా కొంత పీల్చుకుంటాయి. వాటితోపాటు జలగలు, నత్తల గుడ్లు, చిన్న చేపలను పట్టి తినే తూనీగ పిల్లపురుగులు వస్తాయి. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటిలో పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి వేయండి.

హీటరు అవసరమా?

కోస్తాలో చాలా నెలలు అవసరం రాదు. హైదరాబాదు, ఆదిలాబాదు వైపు డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణమండలపు చేపలకు కావాలి. లీటరుకు 1 వాటు లెక్కన 50 వాట్లది చాలు. మన దగ్గర ఎక్కువ ప్రమాదం వేసవిదే. 25 డిగ్రీల వద్ద నీటిలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే 35 డిగ్రీల వద్ద 7కు పడిపోతుంది, అదే సమయంలో చేపకు దాని అవసరం పెరుగుతుంది. మూత తీసి నీటి మీదుగా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

ముందుగా ఏ చేపలు, ఎన్ని వేయాలి?

కఠినమైన నీటికి గప్పీ, మోలీ, ప్లాటీ చక్కగా సరిపోతాయి. మన దేశపు వాగుల్లోనే పుట్టిన జీబ్రా డానియో కూడా గట్టి చేప. మొదటి విడతగా నాలుగైదు గప్పీలో, ఆరు డానియోలో వేసి రెండు వారాలు చూడండి. నియాన్ టెట్రాలు, డిస్కస్ మెత్తని నీటి చేపలు, బోరు నీటిలో వాటితో మొదలుపెట్టవద్దు. గోల్డ్‌ఫిష్‌కు, ఆస్కార్‌కు ఈ ట్యాంకు చాలదు.

ట్యాంకు శుభ్రం చేస్తుందని చెప్పి అంటగట్టే సక్కర్ చేపను తీసుకోవద్దు. రెండంగుళాల పిల్లగా వచ్చి అడుగుకు పైగా పెరుగుతుంది, నాచు తినే దానికంటే వదిలే మలమే ఎక్కువ. అలా పెరిగినవాటిని పట్టలేక జనం చెరువుల్లో వదిలేయడం వల్లనే ఇవాళ తెలుగు రాష్ట్రాల నీటి వనరులలో అది వలలు చింపుతూ జాలరులకు తలనొప్పిగా మారింది.

చేపలు తెచ్చిన రోజు ఏమి చేయాలి?

లైటు ఆపి, కవరును మూసిన ముడితోనే నీటి మీద 15 నుంచి 20 నిమిషాలు తేలనివ్వాలి. తరువాత విప్పి, అర గంటపాటు కొద్దికొద్దిగా ట్యాంకు నీరు కలిపి, చేపలను వలతో తీసి వదలాలి. కవరులోని నీటిని పారబోయాలి. చాలా దూరం నుంచి వచ్చిన చేపల విషయంలో ఇంత తాత్సారం మంచిది కాదు. మూసిన కవరులో బొగ్గుపులుసు వాయువు చేరి పీహెచ్ తగ్గి ఉంటుంది కాబట్టి అమ్మోనియా విషం తక్కువగా ఉంటుంది. విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, విషం పెరుగుతుంది. అటువంటప్పుడు వేడిమి సమం చేసి త్వరగా మార్చేయాలి. ఆ రోజు మేత వేయవద్దు.

ఇవన్నీ తెలియక ఇప్పటికే చేపలు వేసేశాము. ఎలా?

రోజూ పరీక్షించి, అమ్మోనియా గాని నైట్రైట్ గాని పావు పీపీఎం దాటిన రోజున మూడో వంతు నీటిని క్లోరిన్ తీసిన నీటితో మార్చండి. మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేంత. నైట్రైట్ కనిపిస్తున్నన్నాళ్లు 10 లీటర్లకు 1 గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పోస్తే అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల గుండా లోపలికి పోనీయకుండా అడ్డుకుంటుంది. మార్చిన నీటికి మాత్రమే మళ్లీ ఉప్పు లెక్క కట్టాలి. రెండు విలువలూ వరుసగా వారం రోజులు సున్నా వచ్చేదాకా కొత్త చేప ఒక్కటి కూడా వేయకండి.

సిద్ధమైన ట్యాంకులో చేపలు వేశాక ఎన్నాళ్లు పరీక్షించాలి?

మొదటి వారం రోజు విడిచి రోజు, తరువాతి మూడు వారాలు వారానికొకసారి. కొత్త విడత చేపలు వేసినప్పుడు, మందు వాడినప్పుడు, కరెంటు చాలాసేపు పోయినప్పుడు మరుసటి రోజు తప్పకుండా చూడాలి. నైట్రేట్ 40 పీపీఎంకు చేరువవుతుంటే వారానికి మార్చే నీటిని పావు వంతు నుంచి మూడో వంతుకు పెంచి, మేత కొంచెం తగ్గించండి.